సమురాయ్‌ను ఓడించింది జీతం లెక్కే

1876లో జపాన్ ప్రభుత్వం యోధుల వర్గమైన సమురాయ్‌లపై రెండు ఉత్తర్వులు తెచ్చింది. మార్చి నాటిది నలుగురిలో కత్తి ధరించడాన్ని నిషేధించింది. ఆగస్టు నాటిది వంశపారంపర్య జీతాలు రద్దు చేసి చేతిలో బాండ్లు పెట్టింది. చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో ఆ వర్గం కథ ముగిసింది రెండోదానితో. ఆ జీతం కూడా ఒక్కసారిగా పోలేదు, నూరేళ్లకు పైగా కరుగుతూ వచ్చింది.

మూలం జపాన్‌ను ఏకం చేసిన పాలకుడు హిదెయోషి కాలంలో ఉంది. 1588లో ఆయన రైతుల దగ్గర ఆయుధాలు లాగేశాడు. పొలం చేసేవాడు వేరు, కత్తి పట్టేవాడు వేరు అయ్యారు. యోధులు కోట పట్టణాలకు చేరి, భూమితో తెగతెంపులై జీతగాళ్లుగా మారారు. ఆ జీతం బియ్యం. కొలత కోకు: సుమారు 180 లీటర్లు, 150 కిలోలు, ఒక మనిషి ఏడాది తిండి.

ఎదోలో (నేటి టోక్యో) సైనిక పాలకుడైన షోగున్ కొలువు చేసే చిన్న సమురాయ్‌కి ఏటా 100 బస్తాలు రాసి ఉన్నాయనుకుందాం. బస్తాకు 0.35 కోకు చొప్పున 35 కోకులు. వసంతంలో పావు, వేసవిలో పావు, శీతకాలంలో సగం అసాకుసా గిడ్డంగుల్లో ఇచ్చేవారు. తిండికి ఉంచుకుని మిగతాది అమ్మితేనే డబ్బు. ఆ పని చేసిపెట్టేవాళ్లు ఫుదసాషి అనే దళారులు. 1724లో 109 మందికి ప్రభుత్వ గుర్తింపు దక్కింది. కమీషన్ స్వల్పమే. అసలు రాబడి వడ్డీలో ఉంది. రాబోయే విడత బియ్యం తాకట్టు పెట్టుకుని అప్పిచ్చేవారు. విడత రాగానే అసలూ వడ్డీ మినహాయించుకుని మిగిలింది చేతిలో పెట్టేవారు. చాలక మళ్లీ అప్పు.

దుబారా వల్లే మునిగారనే మాట నేను ఒప్పుకోను. జీతం తాతల నాడు ఖరారైంది, పెరగదు. పంటలు పెరిగి బియ్యం ధర పడిపోతే రాబడి పడిపోతుంది. నూనె, బట్ట, ఉప్పు ధరలు మాత్రం దిగవు. హోదాకు తగ్గ నౌకర్లను పోషించి తీరాలి. వ్యాపారం చేయడం హోదాకు తగదు. ఇంత ఇరుకులో ఎవరి కాపురమైనా అప్పుల పాలవుతుంది. కింది స్థాయి వాళ్లు ఇంట్లో గొడుగులు కట్టారు. ఒకుబోలో తుపాకీ దళం వాళ్లు అజేలియా మొక్కలు పెంచి అమ్మారు.

1789లో షోగున్ ముఖ్యమంత్రి మత్సుదైరా సదనోబు ఈ సమురాయ్‌ల అప్పుల రద్దు ప్రకటించాడు. ఆరేళ్లు దాటినవి మాఫీ, తర్వాతివాటికి వడ్డీ ఏడాదికి 6 శాతం. దళారులు నష్టపోయింది సుమారు 12 లక్షల ర్యో (అప్పటి బంగారు నాణెం). వాళ్లు కొత్త అప్పులు బిగబట్టేసరికి, ఊరట దక్కినవాళ్లకే ఏడాది చివర చేబదులు పుట్టలేదు. జీతం విధానం మార్చకుండా అప్పు కొట్టేస్తే జరిగేది ఇదే.

ప్రభువుల ఏలుబడిలోని సంస్థానాల్లో పరిస్థితి ఇంకా కఠినం. యొనెజావాలో ఉఏసుగి వంశం ఆదాయం 1601లో 12 లక్షల కోకుల నుంచి 3 లక్షలకు, 1664లో లక్షన్నరకు పడింది. అయినా కొలువు వాళ్లను పెద్దగా తగ్గించలేదు. 1767లో పగ్గాలు పట్టిన హరునోరి తన సొంత ఖర్చును 1,500 ర్యో నుంచి 209కి కుదించి, సమురాయ్ ఇళ్ల ఆడవాళ్లకు నేత నేర్పించాడు. గౌరవించదగ్గ పాలకుడు. చాలా సంస్థానాలు మాత్రం ‘అప్పు’ పేరిట జీతంలో సగం కోసుకున్నాయి, తిరిగిచ్చింది అరుదు.

అందుకే 1876 బాండ్లు అంత దెబ్బ కొట్టాయి. మూడు లక్షలకు పైగా మందికి సుమారు 17 కోట్ల యెన్లు. చిన్నవాళ్లకు వడ్డీ 7 శాతం వచ్చినా, అసలు మొత్తమే తక్కువ కావడంతో ఆ వడ్డీతో ఇల్లు గడవదు. 1877లో సత్సుమా సమురాయ్‌ల తిరుగుబాటు అణచడానికి ప్రభుత్వం నోట్లు విపరీతంగా ముద్రించడంతో ధరలు పెరిగి ఆ వడ్డీ విలువా పడిపోయింది. చాలామంది బాండ్లు అమ్ముకున్నారు. 1868లో షోగున్ పాలన పోయాక, ఆయన మాజీ అంగరక్షకులు మాత్రం 1869లోనే షిజువోకా దగ్గర మకినోహారా బీడు నేల దున్ని తేయాకు నాటారు. వాళ్లలోనూ చాలామంది నిలదొక్కుకోలేక వెళ్లిపోయారు. ఆ తోటలు చుట్టుపక్కల రైతుల చేతికి వచ్చాయి.