కరెంటుకు ఇంటికో మీటరు, మరి నీళ్లకు?

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో వినిపించేవి రెండే మాటలు: బోరు ఎండింది, ట్యాంకర్ రాలేదు. నీళ్లు పొదుపుగా వాడండంటూ అసోసియేషన్ సెక్రటరీ పోస్టు పెడతారు, కింద వరసగా దండాలు పడతాయి, వాడకం మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకు తగ్గుతుంది? ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిపోయి చదరపు అడుగుల లెక్కన అందరి మీదా పడుతోంది. బకెట్‌తో స్నానం చేసే ఇద్దరు పెద్దవాళ్లూ, రోజూ పైపు పట్టి కారు కడిగించే పక్కింటివారూ కట్టేది ఒకటే. పదిమందిలో పాము చావదన్నది ఇలాంటి లెక్కకే.

అదే జనం కరెంటు దగ్గర ఎంత జాగ్రత్తో చూడండి. ఫైవ్ స్టార్ ఏసీ కొంటారు, పాత 75 వాట్ల ఫ్యాను తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగిస్తారు, గదిలోంచి వస్తూ స్విచ్ ఆపుతారు. వీళ్లకు పర్యావరణ పాఠం ఎవరూ చెప్పలేదు. ఇంటికో మీటరు ఉంది, అంతే. వెదురు బ్రష్షులు, బాల్కనీలో పుదీనా కుండీలు ముచ్చటగానే ఉంటాయి గానీ, నగరంలో ఇల్లు పద్ధతిగా నడవాలంటే ముందు కావాల్సింది ఫ్లాట్‌కో నీటి మీటరు.

అసలు చిక్కు పైపుల్లో ఉంది. మన పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కు ఒకే లైను రాదు. పైట్యాంకు నుంచి వంటింటికొకటి, ఒక్కో బాత్‌రూమ్‌కొకటి, వాష్ ఏరియాకొకటి విడివిడిగా దిగుతాయి. అంటే ఫ్లాట్‌కు మూడు నుంచి ఐదు మీటర్లు కావాలి. చౌకని చక్రం తిరిగే మెకానికల్ మీటర్లు పెడితే బోరు ఇసుక పడి బిగుసుకుపోతాయి. పై అంతస్తులో వాటితో ఇంకో తంటా. ట్యాంకు అడుగు పది అడుగుల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ప్రెషర్ తక్కువ, సన్నటి ధారకు చక్రం కదలదు, ఆ నీళ్లు లెక్కలోకే రావు. కదిలే భాగాల్లేకుండా ధ్వని తరంగాలతో నీటిని కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు కొంచెం ఖరీదైనా అదే నయం. మీటరుకు ముందు జాలీ ఫిల్టర్ పెట్టాలి. వంపు పక్కనే బిగిస్తే రీడింగ్ తప్పుతుంది, కంపెనీ చెప్పినంత తిన్నని పైపు వదలాలి.

మొదటి రెండు నెలలు బిల్లు వేయొద్దు, రీడింగ్ మాత్రం చూపించాలి. అర్ధరాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఎవరూ వాడకుండానే అంకె కదిలిందంటే ఎక్కడో కారుతున్నట్టే, ముందు ఫ్లష్ ట్యాంకు చూడాలి. ట్యాంకులో చిటికెడు రంగు కలిపి పావుగంట ఆగండి, కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి వాషర్ మార్చాలి. పైట్యాంకు దగ్గర ఇంకో మీటరు పెట్టి ఫ్లాట్ల మొత్తంతో పోల్చితే కామన్ లైన్ల లీకేజీ కూడా బయటపడుతుంది. తర్వాత, కరెంటు బిల్లులో లాగా వాడకాన్ని బట్టి ధర మారే శ్లాబులు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో నగరాల ప్రమాణం. నలుగురుంటే నెలకు 16,200 లీటర్లు. అక్కడిదాకా మామూలు ధర, ఆపైన ట్యాంకర్ ధర.

అప్పుడు మిగతావి వాటంతటవే జరుగుతాయి. నిమిషానికి పది లీటర్లు పోసే కొళాయికి నీటిలో గాలి కలిపి ధార తగ్గించే మూడు లీటర్ల ఏరేటర్ తగిలిస్తారు. బోరు నీటి సున్నం పట్టి ధార చీలితే, విప్పి అరగంట వెనిగర్‌లో నానబెడితే చాలు. ఆర్‌ఓ యంత్రం లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతోందని కూడా అప్పుడే కంటపడుతుంది. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మామూలుగా ఆ యంత్రం అవసరం ఉండదు. యంత్రం ఉంటే, అది వదిలే నీటిని బకెట్‌లో పట్టి ఇల్లు తుడవండి. మొక్కలకు మాత్రం వద్దు, ఉప్పు పేరుకుంటుంది.

గోడలు పగలగొట్టాలి, ఖర్చు, పెద్ద కుటుంబాలకు అన్యాయం అంటారు. మీటర్లు పైపులు దిగే డక్ట్‌లో కూర్చుంటాయి, గోడల జోలికి వెళ్లక్కర్లేదు. మనుషుల సంఖ్యను బట్టి శ్లాబు పెడితే అన్యాయమూ లేదు. ఖర్చు నిజమే. వేసవిలో ట్యాంకర్లకు పోసేది కూడా ఖర్చే కదా.

నిజానికి నీళ్లంటే మన నగరంలో కరెంటే. కృష్ణా మీది నాగార్జునసాగర్ పూర్తి మట్టం సముద్రమట్టానికి 590 అడుగులు, హైదరాబాద్ ఉన్నది దాదాపు 1,770 అడుగుల ఎత్తున. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా తెచ్చి అంత పైకి ఎత్తాలి. భౌతికశాస్త్రం లెక్కన వెయ్యి లీటర్లకు యూనిట్, పంపుల నష్టం కలిపితే ఒకటిన్నర. అంటే ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తున్న 20,000 లీటర్లు కృష్ణా నీళ్లయితే, వాటి వెనుక దాదాపు 30 యూనిట్లు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు వాలుకు వాటంతటవే వచ్చేవి. ఆ చెరువుల పరీవాహకంలో నిర్మాణాలను అడ్డుకుని కాపాడిన 111 జీవో ఆంక్షలను 2022లో సడలించి, మరోవైపు నదుల్ని ఎత్తిపోస్తున్నాం. దీన్ని అభివృద్ధి అంటున్నారు. బిల్లు ఎవరి పేరునా రాదు కాబట్టి అడిగేవాడూ లేడు.

కొత్త భవనాలకైతే సాకు కూడా లేదు. ఫ్లాట్‌కు ఒకే ఇన్‌లెట్, దానికో మీటరు అని ప్లాన్‌లోనే గీయించొచ్చు. బెంగళూరు 2024 ఎండల్లో అపార్ట్‌మెంట్లకు ఏరేటర్లు తప్పనిసరి చేసింది, అదీ నీళ్లు అడుగంటాక. ఇక్కడ భవనంలో జనం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అధికారి డక్ట్ తలుపు తెరిచి మీటర్లు లెక్కపెట్టుకోవాలి. లేకపోతే ఆ ఫైలు వెనక్కి పంపాలి.