నా మూడు వాట్లు యాడికి పోయినాయి?

మొన్న రాత్రి 8:40కి పాప క్లాస్ గ్రూప్‌లో మెసేజ్. రేపు ఎనర్జీ కన్వర్షన్ మీద వర్కింగ్ మోడల్ తేవాలంట, పేరెంట్స్ కూడా రావాలంట, కింద రెండు దండాల బొమ్మలు. ఆ టైంలో కర్నూల్లో ఇడ్లీ పిండి దొరుకుతుంది గానీ వర్కింగ్ మోడల్ యాడ దొరుకుతుంది సామీ? అప్పుడు గుర్తొచ్చింది మెట్ల కింద పడున్న మా నాయన సైకిలు, డైనమోతో సహా. 2009 అక్టోబర్లో తుంగభద్ర ఊర్లోకి వచ్చినప్పుడు మునిగి తేలిన సైకిలది, గతిజ శక్తి అంటే ఏందో మా ఇంట్లో అందరికంటే దానికే బాగా తెలుసు. రాత్రంతా ఏం చేశానో రాయను, గోళ్లలో సిల్వర్ పెయింట్ ఇంకా పోలేదు, అంతే.

పొద్దున ఉగ్గాని బజ్జీ తిని, సైకిల్ని ఆటోలో ఎక్కించి పోయినాం.

హాల్లో మా టేబుల్ మీద చార్టు. కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్, లైట్, మధ్యలో బాణాలు. కెమికల్ అంటే నేను తిన్న ఉగ్గాని, మెకానికల్ అంటే నా కాళ్లు, ఎలక్ట్రికల్ అంటే డైనమో, లైట్ అంటే హ్యాండిల్ మీది బల్బు. సార్ రిజిస్టర్ పట్టుకుని వచ్చి "ఊ, స్టార్ట్ చెయ్యండి" అన్నాడు, అది కూడా పాపతో కాదు నాతో. సర్లే అని స్టాండేసిన సైకిలెక్కి తొక్కడం మొదలుపెట్టా.

బల్బు వెలగలేదు.

సైకిలు ఉన్నచోటే ఉంది, వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, డైనమో జుయ్యిమంటోంది, చుట్టూ పిల్లలు, వాళ్ల అమ్మలు, ఒకాయన ఫోన్లో వీడియో కూడా తీస్తున్నాడు. స్పీడు చాల్లేదేమో అని ఇంకా గట్టిగా తొక్కినాను. డైనమో మీద 6 వోల్టులు 3 వాట్లు అని ఉంది, మూడు వాట్లంటే ఎంతబ్బా, ఒక్క కిలోకేలరీకి 4,184 జౌళ్లు, ఏదీ వృథా పోకుంటే ఆ ఒక్కదానితోనే ఈ బల్బు 23 నిమిషాలు వెలగాలి, నేను తిన్నది మూడు మిరపకాయ బజ్జీలు ప్లస్ ప్లేటు నిండా ఉగ్గాని. మన కండలు అందులో ఇంచుమించు నాలుగో వంతే పనికింద ఇస్తాయి, మిగతాదంతా వేడి అయిపోతుంది, అయినా సరే వెలగాలి కదా! మా ఊరి పేరు మీదే 1000 మెగావాట్ల సోలార్ పార్కుంది, శ్రీశైలంలో నీళ్లు కిందికి దూకి ఊర్లకు ఊర్లు వెలిగిస్తున్నాయి, నాకు మాత్రం మూడంటే మూడు వాట్లు రావట్లేదు. చెమట ముక్కు చివర్నుంచి హ్యాండిల్ మీద టప్‌మని పడింది, అదొక్కటే మా మోడల్లో స్థితిజ శక్తి గతిజ శక్తిగా మారడం.

సార్ పెన్ను క్యాప్ తీసి, "ఏమ్మా, మీ నాన్న ఇంత ఎనర్జీ పెడుతున్నాడు కదా, అది యాడికి పోయింది?" అన్నాడు.

పాప ఒక్క సెకను నా వైపు చూసింది. తర్వాత ఏమీ కానట్టు సైకిల్ బెల్లు ట్రింగ్‌మని కొట్టి, "మెకానికల్ టు సౌండ్ సార్" అంది. నా వీపు మీద చెయ్యేసి, తడి చెయ్యి గౌనుకు తుడుచుకుంటూ "మెకానికల్ టు హీట్ సార్. ఎనర్జీ నాశనం కాదు సార్, మా నాన్న చొక్కాలో ఉంది" అంది. హాలంతా ఒకటే నవ్వు. నేను ఇంకా తొక్కుతానే ఉన్నా, ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

"లైట్ యాడమ్మా?" అన్నాడు సార్. బాణం చివర్లో లైట్ రాకపోతే పది మార్కులకు నాలుగంట. కాయిల్ దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు, నిజమే, కానీ ఆయనకెవరూ రాత్రి 8:40కి మెసేజ్ పెట్టి తెల్లారేసరికి తెమ్మనలేదు కదా. ఫస్ట్ ప్రైజు దేనికనుకుంటున్నారు, ఆన్‌లైన్లో కొన్న సోలార్ ఫ్యానుకు. దాని డబ్బా మీద ధర స్టిక్కరు కూడా పీకలేదు, దాన్ని చేసిన పిల్లోడు పొద్దున్నుంచీ చేసిన పనల్లా కిటికీ రెక్క తెరవడం.

అందరూ పోయాక సైకిల్ని గేటు దాకా తోసుకొస్తుంటే అటెండర్ ఆపాడు. డైనమో క్లాంపు చూసి, "ఇంత బాగా రంగెవరేసింది అన్నా?" అన్నాడు. నేనే అన్నా, కొంచెం గర్వంగానే. ఆయన తాళంచెవి తీసి క్లాంపు కింద బర్రున గీకాడు, నా సిల్వర్ పెయింటు పొట్టు పొట్టుగా రాలింది. డైనమోకు వైరు ఒక్కటే అంట, కరెంటు తిరిగొచ్చేది సైకిల్ ఫ్రేమ్ మీదుగానేనంట, నేను ఆ దోవకే రెండు కోటింగులు వేసినానంట. "ఇప్పుడు తొక్కు" అన్నాడు.

వెలిగింది. ఒంటిగంట ఎండలో, ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తే గానీ తెలీలేదు. పాప సార్‌ని పిలుచుకొస్తానని ఉరికింది, ఆయన అప్పటికే బండేసుకుని భోజనానికి పోయినాడంట.