నలభై డిగ్రీల్లో రెండు డిగ్రీలు

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. మందుల శాస్త్రం చదివినవాడి కంటికి ఇదొక స్టెబిలిటీ రిపోర్టు, అంటే సరుకు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో తేల్చే కాగితం. శాంపిల్: అమృతం. డిగ్రడేషన్ ప్రాడక్టు (సరుకు చెడి పుట్టినది): విషం. ఉష్ణోగ్రత ఎంతో రాయలేదు, తేమ ఎంతో రాయలేదు, ఎన్నో నెలలో మారిందో రాయలేదు, కింద అనలిస్టు సంతకమైనా లేదు. ఇలాంటి కాగితం నాణ్యత చూసే ఏ క్యూఏ టేబుల్ మీదికి వెళ్ళినా మొహాన కొట్టినట్టు తిప్పి పంపుతారు. ఫార్మాస్యూటికల్ సైన్సెస్ విభాగాలు మాత్రం దీన్ని ఉన్నదున్నట్టు ఆమోదించి, బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ కలిపి ఐదేళ్ళలో చేతిలో పెట్టే యాక్సిలరేటెడ్ కోర్సు తెరిచాయి. నాలుగూ రెండూ ఆరు కదా అని అడిగేవాళ్ళు దయచేసి లెక్కల విభాగాన్ని సంప్రదించాలి.

నేను ఈ కోర్సుకు గట్టి మద్దతుదారుణ్ణి. నిదానమే ప్రధానం అన్న మహానుభావుడెవరో గానీ ఆరో ఏడాది ఫీజు కట్టి ఉండడు. చురుకైన పిల్లలు చివరి ఏడాది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే బదులు పీజీ పాఠాలు వింటే మంచిదే (ఈ వాక్యంలో వెటకారం లేదు, మళ్ళీ చదువుకోవచ్చు). నా మనవి ఒక్కటే. తొందరపెట్టడానికి ఈ శాస్త్రం దగ్గర సొంత రూల్స్ ఉన్నాయి. మాత్రకు వర్తించే రూలు, మాత్ర చేయడం నేర్చుకునే కుర్రాడికి ఎందుకు వర్తించకూడదు?

సరుకును వేడిలో పెట్టి తొందరగా పాతబరిచే యాక్సిలరేటెడ్ స్టెబిలిటీ పరీక్షనే తీసుకోండి. మందులకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం సరుకును 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ ఉన్న ఛాంబర్లో ఆరు నెలలు ఉంచాలి. మొదట్లో, మూడో నెలలో, ఆరో నెలలో తీసి పరీక్షించాలి. అస్సే (మందు ఎంత ఉందన్న కొలత) మొదటి విలువ నుంచి 5 శాతం కదిలిందంటే ‘సిగ్నిఫికెంట్ ఛేంజ్’ అని రాసి, 30 డిగ్రీల దగ్గర ఇంకో పరీక్ష మొదలుపెట్టాలి. అసలు కిటుకు ఇది కాదు. అదే బ్యాచ్‌లో కొంత సరుకును పక్క ఛాంబర్లో, 25 డిగ్రీల దగ్గర, ఏ హడావుడీ లేకుండా ఏళ్ళ తరబడి ఉంచుతారు. వేడి ఛాంబరు జోస్యం చెబుతుంది, చల్లని ఛాంబరు అది నిజమో కాదో తేలుస్తుంది. అన్నీ సవ్యంగా ఉండి 12 నెలల అసలు డేటా చేతిలో ఉంటే 24 నెలల ఎక్స్‌పైరీ గడువు అడగొచ్చు. అంతకు మించి ఆశపడకూడదు.

కోర్సులో వేడి ఛాంబరు దివ్యంగా పనిచేస్తోంది. పక్క ఛాంబరు ఏదీ? కాబట్టి నా మొదటి ప్రతిపాదన: ప్రతి అడ్మిషన్ బ్యాచ్ నుంచి కొందరిని రిటెన్షన్ శాంపిల్స్‌గా (తర్వాత పోల్చి చూడటానికి దాచే నమూనాలుగా) పక్కకు తీసి ఆరేళ్ళూ తీరిగ్గా చదవనివ్వాలి. వాళ్ళు లైబ్రరీలో సిలబస్‌లో లేని పుస్తకాలు తిరగేస్తారు, పక్క ల్యాబువాళ్ళ మెషీన్ ఎందుకు ఆగిపోయిందో చూడటానికి వెళ్ళి సాయంత్రందాకా తిరిగి రారు. పదేళ్ళయ్యాక రెండు రకాల వాళ్ళనీ పిలిచి అస్సే చేద్దాం.

వేడికీ వేగానికీ ఉన్న సంబంధాన్ని స్వాంటే అర్హీనియస్ 1889లో సూత్రంగా రాసి పెట్టాడు. పది డిగ్రీలు పెంచితే రసాయన చర్య వేగం రెండింతలో మూడింతలో అవుతుందని మోటు లెక్క. ఈ లెక్క విభాగాధిపతులకు కంఠోపాఠం. దాని కింద ఉన్న షరతే అంతగా వంటబట్టలేదు. చల్లగా ఉన్నప్పుడు ఏ చర్య జరుగుతుందో వేడిలోనూ అదే జరిగితేనే ఆ సూత్రం పనికొస్తుంది. సపోజిటరీని (మలద్వారంలో పెట్టే మందును) తీసుకెళ్ళి 40 డిగ్రీల్లో పెడితే అది తొందరగా పాతబడదు, కరిగి మడుగవుతుంది. శరీరం వేడికే కరగాలని చేసిన సరుకు మరి. ప్రొటీన్ మందయితే తన మడతలు తానే విప్పేసుకుంటుంది. ప్రతి తరగతిలోనూ ఇలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. సరుకు మేలురకమే, ఛాంబరే పడదు. దరఖాస్తులో జీపీఏ అడుగుతారు గానీ మెల్టింగ్ పాయింట్ అడగరు.

ఇక క్రెడిట్ల లెక్క. అమెరికా లెక్కన మామూలుగా బ్యాచిలర్స్‌కి 120, మాస్టర్స్‌కి 30, వెరసి 150. ఈ కోర్సులో ఓ 12 క్రెడిట్లు అటూ ఇటూ రెండు వైపులా రాసుకోవచ్చు. అంటే కుర్రాడు చదివింది 138, పట్టాల మీద ఉన్నది 150. అదే కుర్రాడికి ల్యాబులో మాస్ బ్యాలెన్స్ అని ఒకటి నేర్పుతారు: మిగిలిన మందునూ, విరిగి పుట్టిన పదార్థాలనూ కలిపితే మొదట వేసినంత రావాలి, కాస్త అటూ ఇటూగా. పొరపాటున 108.7 శాతం వచ్చిందా, వాడి పని అయిపోయినట్టే. ఓఓఎస్ (ఫలితం హద్దు దాటిందన్న విచారణ) తెరుస్తారు, పిపెట్ క్యాలిబ్రేషన్ రికార్డు తిరగేస్తారు, రూట్ కాజ్ దొరికేదాకా ఇంటికి పోనివ్వరు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఇదే 108.7 శాతానికి సీలు వేసి, చప్పట్లు కొట్టి, ఫోటో తీస్తారు.

థీసిస్‌కి మిగిలేది ఒక్క ఏడాది. అందులోనూ క్లాసులున్నాయి. 24 గంటలపాటు నెమ్మదిగా మందు వదిలే మాత్ర మీద పనిచేస్తున్న ఒక అమ్మాయిని చూద్దాం. ఆరు గాజు పాత్రలు, ఒక్కోదానిలో 900 మిల్లీలీటర్ల బఫర్ (ఆమ్లత్వం మారకుండా చూసే ద్రావణం), 37 డిగ్రీల వేడి, నిమిషానికి 50 చుట్లు తిరిగే ప్యాడిళ్ళు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై నాలుగు గంటలకు శాంపిల్ తీయాలి. తీసిన ప్రతిసారీ సిరంజితో 5 మిల్లీలీటర్లు లాగి, 0.45 మైక్రాన్ ఫిల్టర్ గుండా నెట్టి, వయల్లో పోసి, లాగినంత వెచ్చని బఫర్ మళ్ళీ పాత్రలో నింపాలి. మొత్తం 42 వయల్స్. మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఒక్కోదానికి పది నిమిషాలనుకుంటే, స్టాండర్డులు కాకుండానే ఏడు గంటలు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టింది కనుక పదహారో గంట శాంపిల్ పొద్దున ఎనిమిదింటికి. క్లాసూ ఎనిమిదింటికే. ఆ పూట పాఠం, మందును నిదానంగా విడుదల చేయడం వల్ల కలిగే ప్రయోజనాలు.

నాలుగో పాత్రలో మాత్ర ఉబ్బి పైకి తేలి ప్యాడిల్ కాడకి అతుక్కుంది. మాత్రను అడుగున ఉంచే సింకర్ వేయలేదు. అంటే మళ్ళీ మొదటికి.

“ఏమ్మా, గ్రాఫ్ అయిందా?” గైడు గారు తలుపు దగ్గర్నుంచే అడిగారు.

“ఇంకా వదల్లేదు సార్.”

“మాత్రా?”

“మీరూ సార్.”

ఇరవై నాలుగు గంటల ప్రయోగాన్ని పన్నెండు గంటల్లో చేయడానికి ఏ యూనివర్సిటీకీ దారి దొరకలేదు. ప్యాడిల్ వేగం పెంచితే మాత్ర గబగబా కరుగుతుంది, నిజమే. అది వేరే ప్రయోగమవుతుంది.

మరో చిక్కు. ఈ కోర్సులో చేరాలంటే రెండో ఏడాదో మూడో ఏడాదో చెప్పేయాలి: ఫార్మాస్యూటిక్సా, మెడిసినల్ కెమిస్ట్రీయా, ఫార్మకాలజీయా? ఆలూ లేదు చూలూ లేదు, థీసిస్ పేరు సోమలింగం. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇంకా అరగని పిల్లవాడు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో “చిన్నప్పటి నుంచీ నానోపార్టికల్స్ అంటే నాకు ప్రాణం” అని రాస్తాడు. కమిటీ నమ్ముతుంది. రిటోనవిర్ కథ తెలిసినవాళ్ళే అలా నమ్మడం నాకు ముచ్చటేస్తుంది. ఆ హెచ్‌ఐవీ మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళకు తెలిసిన స్ఫటిక రూపం ఒక్కటే. 1998లో ఎవరూ పిలవకుండానే రెండో రూపం బయటపడింది. మొదటిదానికన్నా స్థిరమైనది, తక్కువ కరిగేది. క్యాప్సూళ్ళు డిసల్యూషన్ పరీక్షలో (మందు ఎంత కరుగుతుందో చూసే పరీక్షలో) తప్పాయి, వాటిని ఆపేసి మందును కొత్తగా ఫార్ములేట్ చేయాల్సి వచ్చింది. ఎందరో నిపుణులు పరీక్షించిన అణువు, అనుమతి దాటి రెండేళ్ళయ్యాక, “నిజానికి నేనిలా ఉంటాను” అంది. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు మాత్రం ఆగస్టులోపు తేల్చి ఫారం నింపాలి.

ఐదేళ్ళ పట్టా, ఆరేళ్ళ పట్టా ఒకటేనా అన్న సందేహానికీ మన దగ్గర పరీక్ష లేకపోలేదు. జెనరిక్ మందు, అసలు మందు సమానమనాలంటే రక్తంలో వాటి మోతాదుల నిష్పత్తికి కట్టిన 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంచనా హద్దులు) 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలి. మొత్తం ఎంత ఒంటబట్టిందో చూస్తారు, గరిష్ఠంగా ఎంతకు ఎక్కిందో కూడా చూస్తారు. ఐదేళ్ళ కోర్సులో మొదటిది పాసవుతుందని నా నమ్మకం. రెండోది మాత్రం తలకెక్కుతుంది.

ఇంత చెప్పాక ఉద్యోగాల సంగతి ఏమిటంటారా? ఆ మధ్య ఒక ఫార్ములేషన్ విభాగంలో ఇంటర్వ్యూ జరిగిందనుకుందాం. యాక్సిలరేటెడ్ కోర్సు చదివిన కుర్రాడు, రెండు పట్టాలు, ఇస్త్రీ చొక్కా.

“మీ థీసిస్‌లో ఏ ప్రయోగం తప్పింది? తప్పినప్పుడు ఏం చేశారు?” అని అడిగారు బోర్డులో పెద్దాయన.

కుర్రాడు నిజాయితీపరుడు. “తప్పడానికి మా షెడ్యూల్లో స్లాట్ లేదండీ.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ఫైలూ సబ్మిషన్‌కి లేటయి ఉంది, ఆరో నెల స్టెబిలిటీ శాంపిల్స్ ఇంకా ఛాంబర్లోనే ఉన్నాయి.

“రేపటి నుంచి రాగలరా?” అన్నారు.