వరుణుడికి మురుగు మర్యాదలు

హైదరాబాదులో కొత్తగా ఇల్లు కట్టుకునే గృహస్థు రెండు విషయాల్లో ఎవరి మాటా వినడు. ఒకటి ఈశాన్యం మూల. రెండోది మేడ మీది వాన నీటిని నేరుగా డ్రైనేజీ చేంబర్‌లోకి దింపే నాలుగంగుళాల పీవీసీ గొట్టం. ఆకాశం నుంచి అప్పుడే దిగిన, ఇంకా ఎవరి చేయీ సోకని నీటిని ఇంటిల్లిపాది మలమూత్రాలతో కలిపి సాగనంపే ఈ ఆచారాన్ని ఏ శాస్త్రం విధించిందో గానీ, మన కాలనీల్లో నిష్ఠగా సాగుతున్న ఆచారం ఇదొక్కటే.

దీని వైభవం లెక్క వేస్తే తప్ప తెలియదు. 150 గజాల మేడ మీద గంటలో ఐదు సెంటీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లకు పైగా నీరు దిగుతుంది. మురుగు గొట్టం వేసే ఇంజనీరు మాత్రం మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగు అని లెక్క కడతాడు. ఐదుగురున్న ఇంటికి 540 లీటర్లు. పొద్దున్నే అందరూ ఒకేసారి స్నానానికి దిగుతారని ఎరిగి, చిన్న కాలనీల గొట్టాలు ఆ సగటుకు మూడింతలు మోసేలా చూస్తాడు, పాపం. పదకొండు రోజుల మురుగంత నీరు ఒక్క గంటలో, అదీ వీధిలోని ప్రతి ఇంటి నుంచీ వస్తుందని ఆయనకు ఏ కాలేజీలోనూ చెప్పి ఉండరు. ఇదే గృహస్థు ఏప్రిల్‌లో 5,000 లీటర్ల ట్యాంకర్ బుక్ చేసి, డ్రైవర్ ఫోన్ ఎత్తడం లేదని వాపోతాడు. ఇంకుడు గుంత తవ్వుకోమని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి చెబుతూనే ఉంది. ఇంటి ప్లానులో గుంత ఉంటుంది. ఇంటి దగ్గర ఆ చోట కారు ఉంటుంది.

ఇక అసలు ఘట్టం. వాన జోరందుకుని వీధిలో మోకాలి లోతు నీరు నిలవగానే కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులవారు లుంగీ ఎగగట్టి, ఒక చేత గొడుగు, మరొక చేత గునపంతో వేంచేస్తారు. వెనుక కార్యదర్శి, కోశాధికారి, వీడియో తీయడానికి ఒక కుర్రాడు. మ్యాన్‌హోల్ మూత తెరవడం నేరమని, నగరానికి మంచినీరిచ్చి మురుగు చూసుకునే జలమండలి వానాకాలం రాగానే ప్రకటిస్తుంది. ఆ ప్రకటనను కాలనీ వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మతో సహా పంచినది కూడా అధ్యక్షులవారే. బాల్కనీల నుంచి “ఇంకొంచెం, ఇంకొంచెం సార్” అన్న ప్రోత్సాహం నడుమ ఆయన గునపం సందులో దూర్చి మూత లేపుతారు. నీరు సుడి తిరుగుతూ లోపలికి దూకుతుంది. చప్పట్లు మోగుతాయి. నీటి వెంట ఇసుక, ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బొండాలు, కోశాధికారి గారి ఎడమ చెప్పు కూడా దూకుతాయి. మూత తిరిగి వేయడం ఎజెండాలో లేదు గనుక, ఆ కంతలో ఒక చెట్టుకొమ్మ గుచ్చి సభ ముగిస్తారు. ఆ సాయంత్రం పల్లపు వీధి ఇళ్లలో ఎగువ వీధి యావత్తూ మరుగుదొడ్డిలోంచి పైకి వస్తుంది. “డ్రైనేజీ పొంగుతోంది, ప్రభుత్వం నిద్రపోతోంది” అని ఫిర్యాదు చేసేవారిలో అధ్యక్షులవారే ప్రథములు.

ప్రభుత్వం నిద్రపోవడం లేదు లెండి, ఆస్తి పంపకాల్లో ఉంది. మురుగు జలమండలి వాటా, వాన నాలా నగరపాలక సంస్థ వాటా. కలిసిపోయిన నీటిలో ఏ చుక్క ఎవరిదో తేలేలోగా అది మూసీ చేరుతుంది. అంబర్‌పేట శుద్ధి కేంద్రాన్ని రోజుకు 33.9 కోట్ల లీటర్ల కోసం కట్టారు. దారి తప్పి అందులోకి వచ్చిన వాన నీటికి కరెంటు ఖర్చు పెట్టి శుద్ధి చేస్తారు. దానికి చోటిచ్చినందువల్ల పట్టకుండా పోయిన మురుగేమో శుద్ధి లేకుండానే నదిలో కలుస్తుంది. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చి వరదను ఆపడానికి జలాశయాలు, మురుగుకు భూగర్భ గొట్టాలు అని రెండు దారులు చూపించి వెళ్లారు. ఆ రెంటికీ వియ్యం కలిపిన ఘనత మనది.

వాన వెలిశాక ఆ కొబ్బరి బొండాన్ని ఎవరు తీస్తారు? మురుగు గొట్టాల పూడిక తీసే ఎయిర్‌టెక్ యంత్రం ఆ ఇరుకు వీధిలో పట్టదు. కాంట్రాక్టరు ఒక మనిషిని తెస్తాడు, నడుముకు తాడు కట్టి దింపుతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఇలా పోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. మనకు సిగ్గు లేదు. వాన నీటిని మురుగులోంచి మళ్లించడానికి కావలసింది గొట్టానికి ఒక వంపు ముక్క, నాలుగు గజాల గొట్టం, పెరట్లో ఒక గుంత. ఆ ఖర్చుకు ముఖం చాటేసి, మన మేడ మీది నీళ్లతో ఆ మ్యాన్‌హోళ్లు నింపి, పూడ్చి, అందులోకి ఇంకొకరి కొడుకును దింపుతున్నాం.

దొంగ గొట్టాలను పట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. మ్యాన్‌హోల్‌లోకి హాని చేయని పొగ ఊదితే చాలు, వాన గొట్టం కలిపిన ప్రతి ఇంటి మేడ మీదా అది పైకి లేస్తుంది. వాన గొట్టంలోంచి పొగ లేచిన మేడకల్లా నోటీసు అంటించవచ్చు. మా కాలనీలో మొదలుపెట్టే రోజున మాత్రం అగ్నిమాపక శాఖకు ముందే కబురు పెట్టడం మంచిది. అధ్యక్షులవారి మేడతో మొదలై, వీధి వీధంతా తగలబడుతోందనుకుని వాళ్లు పరుగెత్తుకొస్తారు.