వడియాల మీద మెమరీ లీక్

తెనాలిలో మా పక్కింటి అత్తయ్యగారి గుమ్మడి వడియాలు నీళ్ళపాలు కావడానికి కారణం సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను రాయడం మర్చిపోయిన ఒక్క లైను. ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. మోటారు పాడైందనుకుంటున్నారు, అనుకోనిద్దాం.

పోయిన వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు, డెబ్భై దాటిన నాన్న రోజుకి రెండుసార్లు డాబా ఎక్కి ట్యాంకులోకి తొంగిచూడటం చూడలేక, పైన ఒక సెన్సరు, కింద మోటారు స్విచ్చు పక్కన ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టిన ఒక డబ్బా బిగించాను. పైనుంచి అరనిమిషానికోసారి నీళ్ళు ఎంత ఉన్నాయో జేసన్‌లో (డేటాని పేరు, విలువ జంటలుగా రాసే పద్ధతి) కబురొస్తుంది, కింద డబ్బా అది చదివి మోటారు వేస్తుంది, ఆపుతుంది, అందిందని పైకి తిరిగి జవాబు పంపుతుంది. చదవడానికి సీజేసన్ వాడాను. 2009 నుంచీ ఉన్న లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, ఒక సోర్సు ఫైలు, ఒక హెడర్ ఫైలు, తెచ్చి ప్రాజెక్టులో పడేస్తే పనైపోయినట్టే. చాలా తేలికైనది అంటారు, నిజమే. బరువంతా మన నెత్తిన పెడుతుంది కాబట్టి తేలిక.

నేనున్న మూడు రోజులూ డబ్బా ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎందుకు మొరాయిస్తుంది, గంటకోసారి ఏదో ఒకటి మార్చి కోడ్ మళ్ళీ ఎక్కిస్తూనే ఉన్నాగా, రాత్రి పడుకునేముందు ప్లగ్గు పీకేస్తూనే ఉన్నాగా.

హైదరాబాద్ వచ్చిన మర్నాడే ఫోన్. "ఒరేయ్, నీ డబ్బా మోటారు ఆపట్లేదురా, పక్కవాళ్ళ డాబా మీద వరద!" మా ఓవర్‌ఫ్లో పైపు మూతి సరిగ్గా వాళ్ళ డాబా వైపే ఉంటుంది, దాని కింద పాత పంచె పరిచి ఆవిడ వడియాలు పెట్టుకున్నారు. "వదినా, మీ అబ్బాయి చేసేది కంప్యూటర్ ఉద్యోగమేగా?" అని అమ్మని అడిగారట. ఆ చివరి 'గా' నాకు వారం రోజులు చెవుల్లో మోగింది.

ఆ మర్నాడు కరువు. ట్యాంకు ఖాళీ, డబ్బా మోటారు వెయ్యదు, నాన్న మొహం నిండా సబ్బుతో బాత్‌రూమ్‌లోంచి అరుపులు. అయితే ప్లగ్గు తీసి పెడితే మాత్రం బుద్ధిగా పని చేస్తోంది. నాన్న బ్యాంకులో క్లర్కుగా రిటైరయ్యారు, ఏదైనా పుస్తకంలో రాయకపోతే ఆయనకి తోచదు. ఆ శనివారం రైలు దిగగానే చేతిలో పెట్టారు: "ఉ. 5.10 ఆన్. 9.15 ఆగింది. 9.20 ఆన్. మ. 1.25 ఆగింది." కింద ఎర్ర సిరాతో, "నాలుగు గంటలకోసారి దీనికి విశ్రాంతి కావాలి."

అప్పుడు వెలిగింది. సీజేసన్‌లో పార్స్ అనే చదివే ఫంక్షన్ని పిలిచిన ప్రతిసారీ అది కబురులోని ముక్క ముక్కకీ మెమరీ తీసుకుని ఒక చెట్టులా కట్టి మన చేతికిస్తుంది. పనయ్యాక డిలీట్ అని పిలిచి తిరిగిచ్చేయాల్సింది మనమే, ఆ మాట లైబ్రరీతో వచ్చే సూచనల ఫైలు రీడ్‌మీలో శుభ్రంగా రాసే ఉంది. నేను చేసింది, అరనిమిషానికోసారి సప్లయర్స్ షాపు నుంచి గిన్నెలు తెచ్చి వంటవ్వగానే పెరట్లో పడేయడం. ముక్కకి 40 బైట్లు, నా కబురుకి ఆరు ముక్కలు, పేర్లూ అవీ కలిపితే సుమారు 400 బైట్లు. గంటకి 48,000. బోర్డులో నాకు మిగిలిన ఖాళీ 2 లక్షల బైట్ల లోపే, నాలుగు గంటలకి పెరడు నిండిపోయింది. దీన్నే మెమరీ లీక్ అంటారు.

నిండాకైనా క్రాష్ అయితే బోర్డు తనంతట తనే రీస్టార్టయి బతికిపోయేది. కానీ నేను జాగ్రత్తపరుణ్ణి కదా, పార్స్ నుంచి నల్, అంటే 'ఏమీ లేదు' అని వస్తే ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపొమ్మని రాసి పెట్టాను. మెమరీ అయిపోయాక ప్రతిసారీ నల్లే, కాబట్టి ఆ క్షణాన ఆన్‌లో ఉన్న మోటారు ఆన్‌లోనే, ఆఫ్‌లో ఉన్నది ఆఫ్‌లోనే. వరదైనా కరువైనా 'నల్ వస్తే' అన్న ఆ ఒక్క ఇఫ్ షరతు చలవే.

డిలీట్ లైను పెట్టి, కాలరెగరేసుకుంటూ రైలెక్కాను. మర్నాడు నాన్న ఫోన్ చేసి, "బాగైందిరా! ఇప్పుడు రోజుకొక్కసారే ఆగుతోంది," అన్నారు, డాక్టరుకి జ్వరం తగ్గిందని చెప్పినట్టు.

ఈసారి దొంగ సీజేసన్‌లోనే ఉన్న ప్రింట్. డబ్బా పంపే జవాబుని స్ట్రింగ్‌గా (పంపే అక్షరాల వరసగా) మార్చేది ఆ ఫంక్షనే, ఆ స్ట్రింగ్‌కి విడిగా మెమరీ తీసుకుంటుంది, చెట్టుని డిలీట్ చేస్తే దీనికి వర్తించదు, విడిగానే ఫ్రీ చెయ్యాలి, అంటే తిరిగిచ్చెయ్యాలి. ఎంతో లేదు, ఓ 80 బైట్లు. అరనిమిషానికోసారి 80 అంటే రోజు తిరిగేసరికి 2 లక్షలు దాటుతుంది, అంతే. మళ్ళీ శనివారం, మళ్ళీ రైలు.

ఇది జరిగి మూడు నెలలు. డబ్బా ఇంతవరకు ఆగలేదు. నా ఫ్రీ లైను వల్లే అని నేనంటాను. నాన్న ఒప్పుకోరు, ఎందుకంటే ఆయన ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ ఇప్పటికీ నాలుగు గంటలకోసారి ప్లగ్గు తీసి పెడుతున్నారు.