తేనె ఇవ్వని ఈగ గోడు ఎవరికి పట్టింది?

నిన్న ఒక మిత్రుడు పోస్టర్ షేర్ చేశాడు. "తేనెటీగలను కాపాడుకుందాం, స్వచ్ఛమైన తేనె కొందాం" అని పెద్ద పెద్ద అక్షరాలు. పైన ఫోటోలో బొద్దుగా, ఒళ్ళంతా బొచ్చుతో, పసుపు నలుపు పట్టీలతో ఒక ఈగ పువ్వు మీద వాలి ఉంది. చూడగానే ముచ్చటేసింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఫోటోలో ఉన్నది తేనెటీగ కాదు, బంబుల్‌బీ. మనం కొనే తేనెకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అది దాచుకునే తేనె వానాకాలం నాలుగు రోజులు ముసురు పడితే గూట్లో పిల్లలకు సరిపోయేంతే. అంతకు మించి దాచుకోవాల్సిన పని కూడా దానికి లేదు. ఏడాది తిరిగేసరికి గూడు గూడంతా చచ్చిపోయి, కొత్త రాణులు మాత్రమే మిగులుతాయి.

ఈ పోస్టర్లు చూసినప్పుడల్లా అడగాలనిపించేది ఒక్కటే. తేనె ఇవ్వని ఈగ చస్తే మనకు పట్టదా?

తేనెటీగ మీద నాకు కోపం లేదు. కానీ అది మనిషి పెట్టెల్లో పెట్టి పెంచుకునే జీవి. జబ్బు చేస్తే మందు వేస్తాం, తిండి లేకపోతే చక్కెర పాకం పోస్తాం. ప్రపంచం మొత్తం మీద తేనెపెట్టెల సంఖ్య గత కొన్ని దశాబ్దాల్లో పెరిగిందే తప్ప తగ్గలేదు. అడవిలో, గట్ల మీద, ఎలుక బొరియల్లో తన బతుకు తాను బతికే ఈగకు మందు వేసేవాళ్ళెవరు, పాకం పోసేవాళ్ళెవరు? పైగా పూలు అంతంతమాత్రంగా ఉన్నచోట మనం తెచ్చి పెట్టిన వేల తేనెటీగలు దాని నోటి దగ్గర కూడు కూడా లాక్కుంటాయి.

తెలుగులో దీనికి సొంత పేరు లేదు. తుమ్మెద అందామంటే మనకు నల్లగా నిగనిగలాడుతూ కర్రకు బెజ్జాలు పెట్టే కార్పెంటర్ బీ గుర్తొస్తుంది. అందుకే బంబుల్‌బీ అనే రాస్తున్నాను. ప్రపంచంలో సుమారు 260 జాతులున్నాయి. ఎక్కువగా చలి ప్రాంతాల జీవులు. హిమాలయాల్లో, టిబెట్ చుట్టుపక్కల కొండల్లో ఇవి దండిగా ఉంటాయి. బాంబస్ పొలారిస్ అనే జాతి ఆర్కిటిక్ మంచు దగ్గర బతుకుతుంది. సిక్కింలో పెద్ద యాలకుల పూలకు పుప్పొడి అందించే ముఖ్యమైన ఈగ బాంబస్ బ్రెవిసెప్స్. ఆ పువ్వులోకి తేనెటీగ కూడా వస్తుంది. పుప్పొడి దులుపుకుని, కీలాగ్రానికి, అంటే పుప్పొడి అంటాల్సిన కొసకు, తగలకుండానే వెళ్ళిపోతుంది. బంబుల్‌బీ లావుపాటి ఒళ్ళు లోపలికి దూరితే వీపు దానికి రాసుకుని తీరాలి. వచ్చింది ఏ ఈగ అన్నదాన్ని బట్టే కాయ కాస్తుంది.

టమాటా పువ్వును ఎప్పుడైనా దగ్గరగా పట్టుకుని చూశారా? రేకుల మధ్యలో పసుపు రంగు సన్నటి శంకువులా ఉంటుంది. కేసరాలన్నీ అతుక్కుని అలా తయారవుతాయి. పుప్పొడి అంతా దాని లోపలే, ఉప్పు డబ్బాలో ఉప్పులా ఉంటుంది. పైన గీకితే రాదు, కదిలిస్తేనే రాలుతుంది. నేను ఒకసారి ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆన్ చేసి కాడకు ఆనించి చూశాను. శంకువు కొస నుంచి పసుపు పొడి సన్నటి పొగలా జారింది. మామూలుగా వేలితో తడితే అంత రాలేదు.

ఆ టూత్‌బ్రష్ పని బంబుల్‌బీ ఒళ్ళే చేస్తుంది. దవడలతో శంకువును గట్టిగా కరిచి పట్టుకుని, ఒళ్ళు దాని చుట్టూ వంచి, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రం సెకనుకు కొన్ని వందల సార్లు కంపింపజేస్తుంది. అప్పటిదాకా వినిపించే మోత ఒక్కసారిగా సన్నబడి, కీచుగా మారుతుంది. పుప్పొడి పొట్ట మీద బొచ్చంతా పడుతుంది. కరిచిన చోట శంకువు మీద గోధుమరంగు మచ్చ మిగులుతుంది. గ్రీన్‌హౌస్‌లో టమాటా పండించేవాళ్ళు పొద్దున్నే ఆ మచ్చల కోసమే వెతుకుతారు. మచ్చ ఉంటే ఈగ వచ్చినట్టు, కాయ కట్టినట్టు. తేనెటీగకు ఈ విద్య రాదు. వంకాయ, బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ పూలకు కూడా ఇలా వణికించే ఈగ వస్తేనే కాపు బాగుంటుంది.

ఇంత చేసే జీవి గురించి చాలామందికి తెలిసింది ఒక్కటే, "బంబుల్‌బీ ఎగరలేదని సైన్స్ చెప్పింది, ఆ సంగతి దానికి తెలియదు కాబట్టి ఎగురుతోంది" అనే స్ఫూర్తి సందేశం. దయచేసి దాన్ని ఇక ఫార్వర్డ్ చేయకండి. విమానం రెక్క లెక్కను ఈగ రెక్కకు వేస్తే వచ్చిన తప్పు అది. ఈగ రెక్క విదిలింపుకు గాలి సుడులు తిరుగుతుంది, ఆ సుడులే దాన్ని పైకి లేపుతాయి. సిచువాన్ కొండల్లో పట్టిన బంబుల్‌బీలను ఒక పెట్టెలో ఉంచి గాలి పలచబరుస్తూ పోతే, కొన్ని ఎవరెస్ట్ శిఖరం కంటే ఎత్తులో ఉండేంత పలచటి గాలిలో కూడా ఎగిరాయి. ఇది 2014లో అచ్చయిన పరిశోధన. అబద్ధం అక్కర్లేదు, నిజమే ఇంత గొప్పగా ఉంది.

నన్ను మరీ కదిలించేది రాణి. చలికాలమంతా మట్టిలో చిన్న గుంటలో ఒంటరిగా పడుకుంటుంది. మంచు కరగగానే లేచి, పాత ఎలుక బొరియ ఒకటి వెతుక్కుంటుంది. మైనంతో చిన్న కుండ చేసి తేనె నింపుకుంటుంది. పక్కనే పుప్పొడి ముద్ద మీద గుడ్లు పెట్టి, కోడిపెట్ట పొదిగినట్టు వాటి మీద పడుకుని, కండరాలు వణికించి ఆ వేడితో పొదుగుతుంది. తేనె కుండ సరిగ్గా తన నోటికి అందేంత దూరంలోనే పెట్టుకుంటుంది, గుడ్ల మీద నుంచి లేవకుండా తాగడానికి. మొదటి కూతుళ్ళు పుట్టేదాకా తిండి తేవడం, కాపలా, పొదగడం అన్నీ ఒక్కతే. ఆ రోజుల్లో దగ్గర్లో పూలు లేకపోతే ఆ ఏడాదికి ఆ గూడు లేనట్టే. వసంతం మొదట్లో చచ్చే ఒక్క రాణితో వందల ఈగలు పుట్టకుండానే పోతాయి.

పూలు లేకపోతే తన ప్రయత్నం తాను చేస్తుంది కూడా. పుప్పొడికి కరువొచ్చినప్పుడు శ్రామిక ఈగలు ఇంకా పూయని మొక్కల ఆకులను కొరికి చిన్న చిన్న గాట్లు పెడతాయని, దాంతో ఆ మొక్కలు ముందే పూస్తాయని జ్యూరిక్ శాస్త్రవేత్తలు 2020లో చూపించారు. టమాటా మొక్కలు దాదాపు నెల ముందు పూశాయి. శాస్త్రవేత్తలు అవే గాట్లు పరికరాలతో పెట్టి చూస్తే అంత ఫలితం రాలేదు.

ఇక అసలు విషయం. "బంబుల్‌బీలు తగ్గితే పెట్టెల్లో పెంచి వదలొచ్చు కదా" అని కామెంట్లలో ఎవరో ఒకరు అంటారు. పెంచుతున్నాం. 1980ల చివరి నుంచి యూరప్‌లో బాంబస్ టెరెస్ట్రిస్ అనే జాతిని అట్టపెట్టెల్లో పెంచి టమాటా గ్రీన్‌హౌస్‌లకు అమ్ముతున్నారు. అంతకుముందు కూలీలు వణికే కర్రలు పట్టుకుని గుత్తి గుత్తికీ తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఏటా లక్షల పెట్టెలు దేశాలు దాటుతున్నాయి. టమాటాకు మేలే జరిగింది. బయట ఏం జరిగిందో చిలీ, అర్జెంటీనాల్లో చూడాలి.

ఆ రెండు దేశాల దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో బాంబస్ డాల్‌బోమీ అని ఒక జాతి ఉంది. ప్రపంచంలోని బంబుల్‌బీలన్నిటిలోకీ పెద్దది. ఒళ్ళంతా తుప్పు రంగు నారింజ బొచ్చు. దీన్ని ఎగిరే ఎలుక అని ముద్దుగా పిలుస్తారు. 1990ల చివర్లో చిలీలోకి యూరప్ టెరెస్ట్రిస్‌ను పంటల కోసం తెచ్చారు. అది గ్రీన్‌హౌస్‌లో ఉండిపోతుందా? బయటపడింది, ఆండీస్ దాటింది, 2006 నాటికి అర్జెంటీనాలో కనిపించింది. దాని వెంట పరాన్నజీవులు వెళ్ళాయి. అది చేరిన చోటల్లా డాల్‌బోమీ మాయమవుతూ వచ్చింది. ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఉంది. ఇదే టెరెస్ట్రిస్ జపాన్‌లో హొక్కైడో దీవి అడవుల్లోకి పాకితే, 2006లో అక్కడి ప్రభుత్వం దాన్ని హానికర విదేశీ జాతిగా ప్రకటించాల్సి వచ్చింది. ఏ ఈగ అయినా ఒకటే అనుకున్నందుకు వచ్చిన చేటు ఇది.

ఒకటే కాదని నూట నలభై ఏళ్ళ కిందటే న్యూజిలాండ్ రైతులకు తెలుసు. వాళ్ళు పశువుల మేతకు ఎర్ర క్లోవర్ వేస్తే ఏపుగా పెరిగింది కానీ విత్తనం కట్టలేదు. దాని పూల గొట్టం పొడవు, తేనెటీగ నాలుక పొట్టి. 1885లో ఇంగ్లండ్ నుంచి ఓడలో బంబుల్‌బీ రాణులను తెప్పించి వదిలారు, విత్తనం కట్టింది. అలా నాలుగు జాతులు అక్కడ స్థిరపడ్డాయి. వాటిలో ఒకటి బాంబస్ సబ్‌టెర్రేనియస్. తర్వాత పుట్టింట్లోనే దానికి నూకలు చెల్లాయి. 1930ల తర్వాత బ్రిటన్ తన పూల పచ్చికబయళ్ళలో 97 శాతం పోగొట్టుకుంది. ఈ ఈగ అక్కడ చివరిసారి 1988లో కనిపించింది, 2000లో అంతరించిందని ప్రకటించారు. న్యూజిలాండ్ నుంచి వెనక్కి తెద్దామని చూస్తే, కొద్దిపాటి రాణుల సంతతి కావడంతో జన్యు వైవిధ్యం లేక కుదరలేదు. 2012 నుంచి స్వీడన్ రాణులను తెచ్చి కొన్నేళ్ళు వదిలారు. అవీ నిలదొక్కుకోలేదు. అయితే వాటి కోసం రైతులు మళ్ళీ పెంచిన పూల గట్ల మీదకు వేరే అరుదైన బంబుల్‌బీలు వచ్చి చేరాయి. ఈ మొత్తం కథలో నాకు ఊరట ఇచ్చింది అదొక్కటే.

పురుగుమందుల గురించి ఎక్కువ రాయను, ఒక్క సంఘటన చాలు. 2013 జూన్‌లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, విల్సన్‌విల్ పట్టణంలో ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్ స్థలం. నిండా పూసిన లిండెన్ చెట్లకు పేనుబంక పోవాలని డైనోటెఫ్యూరాన్ అనే పురుగుమందు కొట్టారు. చెట్ల కింద తారు మీద సుమారు 50,000 బంబుల్‌బీలు రాలి పడ్డాయి. మిగతా ఈగలు వాలకుండా చెట్లకు వలలు చుట్టాల్సి వచ్చింది. పేనుబంకతో ఎవరి ప్రాణమూ పోయేది కాదు. కార్ల మీద జిగురు పడుతుంది, అంతే. పూత మీద ఉన్న చెట్టుకు మందు కొట్టకూడదన్న ఒక్క నియమం పాటించి ఉంటే ఆ ఈగలన్నీ బతికేవి.

ఎండలు పెరిగితే చల్లటి చోటికి జరుగుతాయిలే అనుకునేవాళ్ళకు ఒక మాట. తమ నెలవుల దక్షిణపు అంచున ఇవి ఖాళీ చేస్తున్నాయి కానీ, ఉత్తరానికి ఆ మేరకు పాకడం లేదు. బొచ్చు కోటు వేసుకుని పుట్టిన జీవి ఎండకు ఎంతని ఓర్చుకుంటుంది?

అమెరికాలో రస్టీ ప్యాచ్డ్ బంబుల్‌బీ, వీపు మీద తుప్పు మచ్చ ఉండేది, ఒకప్పుడు తోటల్లో మామూలుగా కనిపించేది. ఇరవై ఏళ్ళలో తన నెలవుల్లో దాదాపు 87 శాతం పోగొట్టుకుంది. 2017లో అంతరించే ప్రమాదమున్న జీవిగా చట్టంలోకి ఎక్కింది. అలా ఎక్కిన మొదటి బంబుల్‌బీ అదే. కాలిఫోర్నియాలో ఇంకా విచిత్రం. అంతరించే జీవులను కాపాడే అక్కడి చట్టంలో కీటకాలన్న మాటే లేదు. 2022లో కోర్టు, చట్టం ప్రకారం "చేప" అన్న మాటలో వెన్నెముక లేని జీవులన్నీ వస్తాయి కాబట్టి బంబుల్‌బీ కూడా వస్తుందని తేల్చింది. జనం నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. చట్టం రాసిన రోజున ఈగలు ఎవరికీ గుర్తు రాలేదన్నమాట.

రాబిన్ థోర్ప్ అనే శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్స్ బంబుల్‌బీ కోసం ఒరెగాన్, కాలిఫోర్నియా సరిహద్దు కొండల్లో ఏటా వెతికేవాడు. లోకంలో అది ఉండేది ఆ చిన్న ప్రాంతంలోనే. 1998లో 94 కనిపించాయి. 2003లో మూడు. 2006 ఆగస్టులో యాష్‌ల్యాండ్ కొండ మీద ఒక్కటి. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఆయన మాత్రం ముసలితనంలో కూడా వల పట్టుకుని కొండ ఎక్కుతూనే ఉన్నాడు. 2019లో చనిపోయాడు. దాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది 2021లో.

పోస్టర్ పెట్టిన మిత్రుడా, నీ మీద కోపంతో రాయలేదు ఇదంతా. నీ మనసు మంచిది, అందుకే అడుగుతున్నాను. ఆ ఫోటో మార్చొద్దు, అది సరైన ఫోటోనే. కింద తేనె కొనమన్న వాక్యం తీసేసి, పూత మీద ఉన్నప్పుడు మందు కొట్టొద్దని, గట్టు మీద ఒక మూల గడ్డిని తవ్వకుండా వదిలేయమని రాయి. రాణి పడుకునేది ఆ మూలలోనే.