వాచ్‌మన్ చేతికి కాగడా ఇచ్చి మనం కిటికీలు మూసుకుంటున్నాం

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తేనెపట్టు ఫొటో పెడితే ఆ తర్వాత ఏం జరుగుతుందో ఇప్పుడు నాకు ముందే తెలిసిపోతోంది. "చిన్నపిల్లలున్న ఇల్లు, వెంటనే తీయించండి" అని ఒకరు రాస్తారు. తీసేవాళ్లు అడిగే డబ్బులు ఎక్కువని ఇంకొకరు అంటారు. కాసేపటికి ఎవరో ఒకరు "మన వాచ్‌మన్ ఉన్నాడుగా, రాత్రికి కాల్చేస్తాడు" అని పెడతారు. అందరూ సరే అంటారు. ఆ చివరి మాట గురించే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

కిందటేడు మా బ్లాకులో ఇదే జరిగింది. మూడో అంతస్తు సజ్జ కింద చేటంత పట్టు పెట్టాయి. వద్దని నేను గ్రూపులో రాశాను, అసోసియేషన్ పెద్దాయనకి ఫోన్ చేసి కూడా చెప్పాను. "వాళ్లకి అలవాటేనమ్మా, ఊళ్లో ఇవన్నీ చేసినవాళ్లే" అన్నారాయన. ఊళ్లో పుట్టినంత మాత్రాన ఒంటికి విషం ఎక్కకుండా పోతుందా? అయినా మా వాచ్‌మన్ ఊళ్లో మేస్త్రీ పని చేసేవాడు. తేనె కొట్టిన మనిషి కాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

రాత్రి దాకా కూడా ఆగలేదు. పట్టపగలే రెయిన్‌కోటు తొడుక్కుని, తలకి హెల్మెట్ పెట్టి, దానిమీద దుప్పటి చుట్టుకుని, వెదురు గడకి పాత బట్ట కట్టి, పెట్రోలు తడిపి నిచ్చెన ఎక్కాడు. ఎక్కడికక్కడ కిటికీలు మూసుకున్నాయి. అద్దాల వెనక నుంచి వీడియోలు తీశారు. దుప్పటికీ హెల్మెట్‌కీ మధ్య సందు ఉంటుంది కదా, అక్కడ దూరాయి. చెవి వెనక, మెడ మీద, కనురెప్ప మీద కుట్టాయి. కిందపడకుండా ఎలా దిగాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నేను ఐస్ పట్టుకుని దిగేసరికి వాళ్లావిడ అతన్ని సెల్లార్‌లో కూర్చోబెట్టి "కదలకు, జరసేపు కదలకు" అంటూ గోటితో ముళ్లు గీరి తీస్తోంది. దగ్గర్నుంచి చూశాను. ఒక్కో ముల్లు చివర తెల్లటి చిన్న సంచి. ఈగ పోయినా ఆ సంచి ఇంకా కొట్టుకుంటూనే ఉంది. సాయంత్రానికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది, జ్వరం కూడా వచ్చింది.

అతను కోలుకున్నాడు. కానీ ఆస్పత్రి ఖర్చు మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఇవ్వొచ్చా లేదా అని గ్రూపులో చర్చ పెట్టారు చూడండి, అది నేను మర్చిపోలేను. అతను ఆ నిచ్చెన ఎక్కింది తన పని మీదా, మన పని మీదా?

ఇళ్ల మీద, నీళ్ల ట్యాంకుల కింద బయటికి కనిపించేలా ఒకే పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ. శాస్త్రవేత్తలు ఏపిస్ డోర్సాటా అంటారు. మన తెలుగు ప్రాంతాల్లో తేనెటీగలన్నిటిలో ఒంటికి పెద్దవి ఇవే. పట్టు ఒక మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది, ఒక్కో పట్టులో ఈగలు వేలకు వేలు ఉంటాయి. పెట్టెల్లో పెంచే తేనెటీగల్లాగా తొర్రలో దాక్కోవు కాబట్టి పట్టును ఒంటితోనే కాపాడుకోవాలి. అందుకే అవి అంత గట్టిగా తిరగబడతాయి. ఒక ఈగ కుట్టగానే ముల్లు దగ్గర్నుంచి ఒక వాసన వెలువడుతుంది. దాదాపు అరటిపండు వాసనలా ఉంటుంది. "శత్రువు ఇక్కడున్నాడు" అని మిగతావాటికి అదే కబురు. ఆ వాసన బట్టలకి పట్టుకుంటే ఇంకొన్ని వచ్చి అక్కడే కుడతాయి. అంటే నిచ్చెన మీదున్న మనిషికి మొదటి కాటు పడ్డాక ప్రతి క్షణం ప్రమాదం పెరుగుతూ పోతుంది. దిగడానికి రెండు చేతులూ కావాలి, మొహం కాపాడుకోవడానికీ అవే చేతులు కావాలి.

మంట సంగతి వేరే చెప్పాలి. పట్టంటే మైనం. అంటుకుంటే కరిగి మండుతూ కిందికి కారుతుంది. ఆ కింద ఏసీ బయటి యూనిట్లు, కేబుల్ వైర్లు, ఆరేసిన చీరలు. ఇంత చేశాక పోయేది పట్టే కానీ ఈగలన్నీ కాదు. కాలిపోనివి చెల్లాచెదురై కాలనీ అంతా తిరుగుతాయి. రోడ్డు మీద పోయే మనిషికి, స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలకి ఏ పాపం తెలుసు? పైగా ఈ ఈగలు కాలాన్ని బట్టి వలసపోయే రకం. పూలున్న నెలల్లో వస్తాయి, మేత తగ్గితే వాటంతటవే లేచిపోతాయి, మళ్లీ సీజన్‌కి అలవాటైన చోటికే వస్తాయి. మా సజ్జ కిందకి మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకో పక్క పెట్టాయి.

"ఊళ్లో చేసినవాళ్లే" అనే మాటకి జవాబు కూడా చెప్పాలి. నల్లమలలో చెంచులు తరతరాలుగా కొండ తేనె తీస్తున్నారు. అడవి తేనె కొనడానికి 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ ఉంది. వాళ్లది చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ల వెనక తిరిగి నేర్చుకున్న విద్య. పొగ పెట్టి ఈగల్ని పక్కకి జరుపుతారు. పొగకి ఆ హెచ్చరిక వాసన మరుగున పడుతుంది, ఈగలు తేనె తాగే పనిలో పడతాయి. దాన్నీ, పెట్రోలు బట్ట కట్టిన గడనీ ఒకే గాటన కట్టడం ఆ విద్యకీ అవమానమే, మన వాచ్‌మన్‌కీ అన్యాయమే.

ఈ తొందరంతా ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. ఒక్క తేనెటీగో కందిరీగో గదిలోకి వచ్చినప్పుడు. ఆ టెన్షన్ అబద్ధం కాదు. పసిబిడ్డ మంచం మీద ఉండగా బొటనవేలి కణుపంత పొడవున్న కందిరీగ ట్యూబ్‌లైటు చుట్టూ తిరుగుతుంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. కానీ అక్కడ చేయాల్సింది చాలా తక్కువ. ముందు పిల్లల్ని అవతలి గదిలోకి పంపి తలుపు వేయండి. ఫ్యాన్ ఆపండి, రెక్క తగిలితే అది ఎక్కడ పడుతుందో తెలియదు, మంచం మీద దుప్పటి మడతల్లో పడితే అసలు ప్రమాదం అప్పుడే. పగలైతే ఒక్క కిటికీ బార్లా తెరిచి మిగతా కర్టెన్లు లాగేయండి, వెలుతురు ఉన్న వైపే పోతుంది. రాత్రయితే గదిలో లైటు ఆపి, తలుపు తీసి బాల్కనీలో లైటు వేయండి. దగ్గర్లో తేనెపట్టు ఉంటే మాత్రం బాల్కనీ లైటు వద్దు, కొండ తేనెటీగలు రాత్రి లైటుకి వస్తాయి. అప్పుడు అది గోడ మీద వాలేదాకా ఆగి, పారదర్శకంగా ఉండే స్వీటు డబ్బా నెమ్మదిగా బోర్లించి, గోడకీ డబ్బాకీ మధ్య పాత శుభలేఖ దూర్చండి. పెళ్లి కార్డుకి ఆ మందం సరిగ్గా సరిపోతుంది. డబ్బా బయట పెట్టి, ఆ కార్డు పొద్దున తీయొచ్చు. వణికే చేతులతో కూడా అయ్యే పనే, మా ఇంట్లో అత్తయ్యగారు కూడా ఇలాగే పడతారు.

పురుగుల మందు స్ప్రే మాత్రం కొట్టొద్దు. ఎందుకంటే, పెద్ద కందిరీగ దానికి వెంటనే చావదు. కొట్టిన తర్వాత గది అంతా గిరికీలు కొట్టి ఎక్కడో పడుతుంది. మీరు ఆ మందు పీలుస్తూ దానికోసం వెతుకుతారు. వంటగదిలో స్టవ్ వెలుగుతుండగా కొడితే మంట అంటుకునే ప్రమాదం వేరే. దోమల బ్యాటు షాక్ కూడా దానికి చాలదు, కాసేపు సోలి మళ్లీ లేస్తుంది. చచ్చిందనుకుని చేత్తో తీయకండి, చచ్చిన ఈగ ముల్లు కూడా గుచ్చుకుంటుంది. చీపురూ చేటా వాడండి.

వచ్చిన ప్రతిదీ మన మీదకి వచ్చింది కాదు. నల్లటి ఒళ్లు, పొట్ట మీద ఒకే వెడల్పాటి పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగ కిటికీ చుట్టూ తిరుగుతోందంటే చాలాసార్లు అది వెతికేది సజ్జ కింద ఉండే సన్న కందిరీగల గూటిని. ఆ గూట్లో పురుగుల్ని ఎత్తుకుపోయి తన పిల్లలకి పెడుతుంది. కిటికీ పట్టాల్లో, ప్లగ్గు రంధ్రాల్లో మట్టి పూసే సన్న నడుము కుమ్మరి పురుగు ఒంటరిది. కాపాడుకోవడానికి దానికి గుంపు లేదు, పట్టుకుని నలిపితే తప్ప కుట్టడం అరుదు. సాలీళ్లనో గొంగళి పురుగుల్నో పట్టి ఆ మట్టి గదుల్లో పిల్లల కోసం దాచిపెడుతుంది. గుమ్మం చెక్కని తొలిచే నల్లటి తుమ్మెద చప్పుడుకి పిల్లలు ఏడుస్తారు కానీ మగ తుమ్మెదకి కుట్టే ముల్లే ఉండదు, చెక్క తొలిచే ఆడది కూడా పట్టుకుంటే తప్ప కుట్టడం అరుదు. గుంపుగా ఉండేవాటి గూడు జోలికి వెళ్తేనే పెద్ద ముప్పు. ఆ గూడు ఇంటి లోపలే, గీజర్ వెనకో ఫాల్స్ సీలింగ్‌లోనో పెడితే మాత్రం తీయించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పద్ధతిగా, రక్షణ దుస్తులున్న, ఆ పని తెలిసినవాళ్ల చేత.

ఇక కుడితే. మన ఇళ్లలో తాళంచెవి రుద్దుతారు, ఉల్లిపాయ రుద్దుతారు, సున్నం పూస్తారు. ఆ రోజు సెల్లార్‌లో కూడా ఒకరు సున్నం డబ్బీ తెచ్చారు, కంటి పక్కన సున్నం ఏమిటని నేను ఆపాను. విషం చర్మం లోపలికి దిగాక పైన పూసింది దాన్ని విరవదు. తేనెటీగ అయితే ముల్లు ఉండిపోతుంది, దాన్ని ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. గీరాలా, వేళ్లతో లాగాలా అని ఆలోచించే టైములోనే ఇంకాస్త విషం ఎక్కుతుంది. కందిరీగ ముల్లు వదలదు, అందుకే అది ఎన్నిసార్లయినా కుట్టగలదు. వేలి మీద కుడితే వాపు రాకముందే ఉంగరం తీసేయాలి. సబ్బుతో కడిగి ఐస్ పెట్టాలి.

ఊపిరి ఆడకపోవడం, పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం, వాంతులు. ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం గురించి మాట్లాడకండి, 108 కి ఫోన్ చేయండి. ఆ మనిషిని నడిపించొద్దు, కాళ్లు కాస్త ఎత్తులో ఉండేలా పడుకోబెట్టండి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోనివ్వండి. అలాంటప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్, దానికి ఆస్పత్రికి చేరాలి. ఎలర్జీ ఉన్నవాళ్లకి ఒక్క కాటు చాలు. ఎలర్జీ లేనివాళ్లకి కూడా పదుల కొద్దీ కాట్లు పడితే కండరాలు, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది, పైకి బాగానే ఉన్నా డాక్టరుకి చూపించాల్సిందే. నిచ్చెన ఎక్కేముందు మన వాచ్‌మన్‌ని ఎవరైనా "నీకు ఇంతకుముందు ఏదైనా కుడితే ఒళ్లు వాచిందా?" అని అడిగారా? ఆ ప్రశ్న ఒక ప్రాణం విలువ చేస్తుంది.

ఆ రోజు అతను కాదనలేకపోయాడు. కాదంటే ఉద్యోగం, ఆ కింద ఉన్న ఒక్క గది, పిల్లల స్కూలు అన్నీ పోతాయని అతనికి తెలుసు. మనకీ తెలుసు. తెలిసే అడిగాం. దీన్ని సహాయం అడగడం అనరు.

వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌కి నేను ఒక కాగితం రాసిచ్చాను. పట్టు గానీ గూడు గానీ తీయడం వాచ్‌మన్, స్వీపర్, ఏ పనివాళ్ల చేతా చేయించకూడదు. మనుషులకి అడ్డం లేని ఎత్తులో ఉన్న పట్టుని సీజన్ అయ్యేదాకా వదిలేసి, ఆ వైపు బాల్కనీ లైట్లు ఆపుకోవాలి. తీయక తప్పకపోతే పని తెలిసినవాళ్లకి ఇవ్వడానికి మెయింటెనెన్స్‌లోనే కొంత డబ్బు పక్కన పెట్టాలి. కిందటేడు అతను సొంతంగా పెట్టుకున్న మందుల ఖర్చు తిరిగి ఇవ్వాలి. మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇది చదువుతుంటే, ఆ కాగితం సెక్యూరిటీ గదిలో విజిటర్స్ రిజిస్టరు పక్కనే ఉంది. మీటింగ్ ఆదివారం, శనివారం లోపు సంతకాలు పెట్టండి.